సూదుల సంచిలో ఒక్క గడి

"ఈ ఊలు ఎవరిదండీ?"

నాలుగో అంతస్తు లిఫ్ట్ ముందు మోకాళ్ళమీద కూర్చుని అరిచాడు మెకానిక్. తలుపు జారే గాడిలో పసుపుపచ్చ ఊలు చుట్లు చుట్లుగా బిగుసుకుపోయింది. తలుపు మూసుకోదు. మూసుకోకపోతే లిఫ్ట్ కదలదు. పొద్దున్నించీ అపార్ట్‌మెంట్‌లో జనమంతా మెట్లెక్కుతూ ఒకటే తిట్లు.

పక్క ఫ్లాట్ తలుపు తెరుచుకుని ఒకమ్మాయి బయటికొచ్చింది. చేతిలో రెండు సూదులు, వాటికి వేలాడుతూ పసుపుపచ్చ మేజోడు. అదీ మడమ దాకానే.

"నాదే. ప్లీజ్, కొయ్యకండి!"

"కొయ్యక, దండేసి దణ్ణం పెట్టాలా?"

"కోస్తే మధ్యలో ముడి వస్తుంది. మేజోట్లో ముడి ఉంటే కాలికి గుచ్చుకుంటుంది."

"ఆరో అంతస్తు పెద్దాయన పొద్దున్నించీ రెండుసార్లు మెట్లెక్కి దిగారట. ఆయన కాళ్ళకేం గుచ్చుకోదా?"

ఆమె నాలిక్కరుచుకుంది. సిగ్గుపడి లోపలికి పోతుందేమో అనుకున్నాడు. పోలేదు. వచ్చి అతని పక్కనే చతికిలబడింది. "మీరు తలుపు కొంచెం కొంచెం జరపండి. నేను లాగుతా."

కత్తెర పెడితే చిటికెలో అయ్యే పని. ఇద్దరూ కలిసి చేసేసరికి మధ్యాహ్నమైంది. ఆమె వేళ్ళకి గ్రీజు, అతని చొక్కాకి ఊలు నూగు. ఊలు మాత్రం ఎక్కడా తెగలేదు. ఇంత ఓపిక తనకి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మెకానిక్‌కే తెలీదు. మనకి తెలుసు, కానీ చెప్పం.

ఆ తర్వాత ఆ లిఫ్ట్‌కి లేనిపోని జబ్బులన్నీ వచ్చాయి. వారం వారం చెకప్ అన్నాడు. చెకప్ అయ్యాక ఆ ఇంట్లో కాఫీ. అమ్మాయి వాళ్ళ నాన్న రిటైరైన బస్సు డ్రైవరు. మాట తక్కువ మనిషి. "రా బాబూ" అని కుర్చీ చూపిస్తాడు, అంతే.

ఆ ఇంట్లో కూర్చోవడం అంటే మాటలు కాదు. ముందు తడిమి చూసుకోవాలి. సోఫాలో స్వెటర్ వీపు, ఫ్రిజ్ మీద టోపీ అంచు, దిండు గలీబులో మఫ్లర్, అన్నీ సగమే, అన్నిట్లో సూదులే. ఆమె రిసెప్షనిస్టుగా పనిచేసే పళ్ళ డాక్టర్ క్లినిక్‌లో కూడా సొరుగు లాగితే గులాబీరంగు అల్లిక తొంగిచూస్తుంది. అపార్ట్‌మెంట్‌లో అందరూ ఆమెని 'సగం' అనే పిలుస్తారు. కోపం రాదు. "సగమైనా అల్లుతున్నా కదా, మీరు అదీ లేదు" అంటుంది. నోరు మాత్రం ఎప్పుడూ పూర్తే.

ఒక సాయంత్రం క్లినిక్ మూసేవేళకి వాన పట్టుకుంది. గుమ్మంలో ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడ్డారు. అతని ఎడం భుజం, ఆమె కుడి భుజం తడిసిపోతున్నాయి. జరిగితే ఇద్దరూ తడవకుండా సరిపోతారు. ఎవరూ జరగలేదు.

"నాకు నువ్వంటే ఇష్టం" అనేశాడు. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయిందని అన్నాక తెలిసింది.

ఆమె గొడుగు అంచున కారే నీళ్ళకి అరచెయ్యి పట్టింది. "నీకో స్వెటర్ మొదలుపెట్టాను. బూడిదరంగు. అది పూర్తయ్యాక జవాబు చెప్తా."

అతను ఎగిరి గంతేశాడు. ఎంత అమాయకుడో చూడండి! ఆ ఇంట్లో పూర్తయిన వస్తువు ఒక్కటైనా చూశాడా?

వానలు పోయి చలి మొదలైంది. బూడిదరంగు స్వెటర్ వీపు దగ్గరే ఆగింది.

"ఏమైంది?"

"సూదులు ఖాళీ లేవు."

ఓస్, ఇంతేనా అని బజారుకెళ్ళి మంచి సూదుల జత కొనుక్కొచ్చాడు. ఆమె కళ్ళు మెరిశాయి. మర్నాడు వచ్చి చూస్తే, కొత్త సూదుల మీద ఎర్రరంగు శాలువా మొదలై ఉంది.

"ఇదేంటి?"

"కొత్త సూదులు కదా" అంది, అదే జవాబన్నట్టు.

ఆ నెలలోనే కంపెనీ వాళ్ళు అతన్ని వేరే ఊరికి వేశారు. రాత్రంతా బస్సులో కూర్చుంటే తెల్లారేసరికి చేరే ఊరు. వచ్చే ఆదివారమే ప్రయాణం.

"ఆదివారం లోపు చెప్తావా?" అనడిగాడు.

"పూర్తయ్యాక అన్నాగా."

"పూర్తి చెయ్యాలని ఉందా అసలు నీకు?"

ఆమె చేతిలో శాలువా కిందపెట్టి, పక్కనున్న టోపీ తీసుకుని అల్లడం మొదలుపెట్టింది. భయం వేసినప్పుడు ఆమె చేసే పని అది, చేతిలోది మార్చెయ్యడం. పాపం అతనికి అది నిర్లక్ష్యంలా కనబడింది.

అయినా మెకానిక్ కదా, పాడైనదాన్ని అలా వదిలి పోలేడు. టూల్స్ పెట్టుకునే కాన్వాస్ సంచి లాంటిదే ఇంకొకటి కుట్టించాడు. వరసగా గడులు, పైన మడత, కట్టుకోవడానికి నాడా. గురువారం ఆమె క్లినిక్‌లో ఉన్న వేళ చూసుకుని ఇంటికొచ్చాడు. నాన్న తలుపు తీసి, "రా బాబూ" అని కుర్చీ చూపించి వంటింట్లో పనిలో పడ్డాడు.

అతని లెక్క చాలా తేలిక. స్పానర్లు ఎక్కడ పడితే అక్కడ పడేస్తే ఏ పనీ తెమలదు. సైజువారీగా సర్దిపెడితే చేతికి కావలసింది చేతికొస్తుంది. సోఫాలోంచి, ఫ్రిజ్ మీదనుంచి, దిండు గలీబులోంచి అన్నీ బయటికి తీశాడు. సూదులన్నీ ఒక్కొక్కటే లాగేశాడు. కొలిచాడు. తుడిచాడు. గడుల్లో పెట్టాడు. అల్లికలన్నీ మడతపెట్టి సోఫా మీద పేర్చాడు. అల్మైరా కింది అరలో గుడ్డ కప్పి ఉన్న నీలం స్వెటర్ కూడా వదల్లేదు. దాని సూదులు కర్రవి, పట్టుకుని పట్టుకుని నున్నగా అరిగిపోయాయి. అవి సంచి చివరి గడిలోకి వెళ్ళాయి.

సరిగ్గా అప్పుడే ఆమె వచ్చింది.

"చూశావా!" అన్నాడు సంచి విప్పి పట్టుకుని. "ఇక సూదులు ఖాళీ లేవు అనడానికి లేదు."

ఆమె సంచి చూడలేదు. సోఫా చూసింది. సూది తీసేసిన అల్లికలన్నీ నోళ్ళు తెరుచుకుని పడి ఉన్నాయి. సూదే లేకపోతే ఆ చివరి వరస కుట్లకి దిక్కు లేదు. ఎవరైనా దారం లాగితే చాలు, ఒకదాని వెనక ఒకటి జారిపోతాయి. లిఫ్ట్‌లో ఏ బోల్టు తీస్తే ఏం పడుతుందో తెలిసినవాడికి ఈ సంగతి తెలీదు.

"నీలంది... నీలంది కూడా తీశావా?" ఆమె గొంతు మారిపోయింది. "అది అమ్మది."

అతను సంచి కిందపెట్టేశాడు.

"అమ్మ నాన్న కోసం అల్లుతూ, మధ్యలోనే పోయింది. ఆ చివరి వరస అమ్మ చేతిది. ఇన్నేళ్ళూ దాన్ని ముట్టుకోలేదు నేను!"

అరుపు విని నాన్న కాఫీ కప్పులతో గదిలోకి వచ్చాడు. నీలం స్వెటర్ ఊలు ఉండ దొర్లి కుర్చీ కిందికి పోయి ఉంది. దాని దారం ఆయన పాదానికి చుట్టుకుంది. ఇంకో అడుగు వేశాడు. స్వెటర్ చేతి అంచున కుట్లు టపటపా జారాయి.

"నాన్నా, కదలకు!"

ఆయన ఒంటికాలి మీద ఆగిపోయాడు. రెండు చేతుల్లో రెండు కప్పులు.

మెకానిక్ నేల మీద బోర్లా పడుకున్నాడు. పాకుతూ వెళ్ళి ఆయన మడమ దగ్గర చెయ్యి పెట్టాడు. లిఫ్ట్ గాడిలో ఊలు తీసిన రోజు గుర్తొచ్చింది. లాగకూడదు, చుట్టు వదులు చెయ్యాలి. గోటితో ఎత్తాడు. మెల్లగా తిప్పాడు. కాఫీ చుక్క ఒకటి అతని మెడ మీద పడి చురుక్కుమంది. కిక్కురుమనలేదు.

అక్కడ ఆమె కర్ర సూది పట్టుకుని కుట్లు ఒక్కొక్కటే ఎక్కిస్తోంది. కళ్ళనిండా నీళ్ళు. నీళ్ళడ్డం వస్తే కుట్టు కనబడదు, తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

"తల్లీ" అన్నాడు నాన్న, ఒంటికాలి మీదే. "అది నా స్వెటరేనా?"

"మాట్లాడకు నాన్నా, కదులుతావు."

"మాట్లాడనీ. చలికాలం వచ్చినప్పుడల్లా అనుకుంటా, అది పూర్తిచేసి ఇస్తే వేసుకుందును కదా అని. అడిగితే నువ్వెక్కడ ఏడుస్తావో అని ఊరుకున్నా."

ఆమె చేతులు ఆగాయి. "పూర్తి చేసేస్తే అమ్మ పని అయిపోయిందని నువ్వు బాధపడతావని నేను..."

"నేను బస్సు నడిపినవాణ్ణి తల్లీ. సగం దారిలో బండి ఆపి, ఇదే ఊరు అని ఎవరితోనూ చెప్పలేదు. మీ అమ్మ నన్ను వెచ్చగా చూడాలని మొదలుపెట్టింది. అల్మైరాలో పెట్టుకుని చూడమని కాదు."

దారం ఆయన కాలినుంచి ఊడింది. ఆయన కాలు కిందపెట్టాడు. కప్పుల్లో కాఫీ సగమే మిగిలింది.

జారిన కుట్లు కొన్ని మాత్రం దొరకలేదు. అమ్మ చివరి వరసలో ఆ చివర కొంచెం పోయింది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది.

"నేను..." అన్నాడు మెకానిక్.

"వెళ్ళు" అంది. "దయచేసి వెళ్ళిపో."

వెళ్ళాడు. లిఫ్ట్ బాగానే ఉంది, అయినా మెట్లు దిగాడు.

శుక్రవారం ఫోన్ చేశాడు, ఎత్తలేదు. శనివారం ఇంటి కింద దాకా వచ్చి వెనక్కి తిరిగాడు. ఏ మొహం పెట్టుకుని పైకి వెళ్తాడు? ఆదివారం పెట్టె సర్దుకున్నాడు. సాయంత్రం బస్సు. జవాబు రాలేదంటే అదే జవాబనుకున్నాడు. పెట్టె తాళం మూడుసార్లు వేసినా పడలేదు.

ఫోన్ మోగింది. ఆఫీసు. "నువ్వు చెకప్‌కి వెళ్ళే అపార్ట్‌మెంట్‌లో లిఫ్ట్ ఆగిపోయిందయ్యా. సెలవురోజు, ఎవరూ లేరు. పోతూ పోతూ చూసిపో."

నాలుగో అంతస్తు. తలుపు సగంలో ఆగి ఉంది. గాడిలో ఊలు. బూడిదరంగు. ఈసారి పొరపాటున ఇరుక్కున్నట్టు లేదు, ఎవరో కూర్చుని ఓపిగ్గా చుట్టినట్టుంది.

పక్కన గోడకానుకుని ఆమె నిలబడింది. మూడు రాత్రులు నిద్రలేని మొహం.

"ఫోన్ ఎత్తొచ్చు కదా" అన్నాడు. కోపంగా అనాలనుకున్నాడు, బతిమాలినట్టు వచ్చింది.

"ఎత్తితే ఏడుస్తా. ఏడుస్తూ చెప్పే మాట కాదు."

చేతిలో కాన్వాస్ సంచి. నాడా విప్పి అతని ముందు పరిచింది. సూదులన్నీ సైజువారీగా గడుల్లో ఉన్నాయి. కర్ర సూదులు కూడా ఉన్నాయి. ఒక్క గడి మాత్రం ఖాళీ.

"నువ్వు పీకేసినవన్నీ మళ్ళీ ఎక్కిద్దామని కూర్చున్నా. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుంటే, అందులో దేన్నీ నేను అల్లాలనుకోవట్లేదని తెలిసింది. ఒకటి పూర్తి చెయ్యడానికి భయమేసి ఇంకోటి మొదలుపెట్టినవే అన్నీ. విప్పేసి ఉండలు చుట్టేశా. అమ్మది పూర్తి చేశా. పోయిన కుట్ల దగ్గర నా కుట్లు వేశా, దగ్గరగా చూస్తే తెలుస్తుంది. తెలిస్తే తెలియనీ అన్నాడు నాన్న."

"మరి ఈ ఖాళీ గడి?"

వీపు వెనకనుంచి రెండో చెయ్యి ముందుకు తెచ్చింది. బూడిదరంగు స్వెటర్. వీపు, ఛాతీ, ఒక చెయ్యి అయ్యాయి. రెండో చెయ్యి భుజం దగ్గరే ఉంది, దాని కొసన సూదులు.

"పూర్తి కాలేదు" అన్నాడు అతను.

"కాలేదు."

"పూర్తయ్యాక చెప్తానన్నావు."

"అన్నా. కానీ నీ బస్సు నా స్వెటర్ కోసం ఆగదుగా." ఊపిరి గట్టిగా పీల్చుకుంది. "నాకూ నువ్వంటే ఇష్టం. ఊలు తెగకూడదని మధ్యాహ్నం దాకా నా పక్కన కూర్చున్నావే, ఆ రోజునుంచీ ఇష్టం. చెప్పేస్తే, నువ్వు కూడా మధ్యలో ఎక్కడికైనా పోతావని భయం. అంతే."

అతను గ్రీజు చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

కింద మెట్ల మీద ఆయాసం వినబడింది. కూరల సంచితో నాన్న. నీలం స్వెటర్ వేసుకున్నాడు. ఒక చెయ్యి మణికట్టు దగ్గర ఆగింది, అది అమ్మ అల్లింది. రెండోది వేళ్ళదాకా వచ్చింది, దాన్ని పూర్తి చేసింది కూతురు. ఆయన దాన్ని మడిచి పెట్టుకున్నాడు.

పట్టుకున్న చేతులు చూశాడు. గాడిలో ఊలు చూశాడు.

"తల్లీ, అబ్బాయిని రప్పించాలంటే ఫోన్ ఉంది. నా మోకాళ్ళే దొరికాయా?"

"నాన్నా..."

"నాకిష్టమేనమ్మా. ముందు లిఫ్ట్ నడిపించండర్రా, తర్వాత మిగతావి."

ఇద్దరూ పక్కపక్కన మోకాళ్ళమీద కూర్చుని ఊలు విప్పబోయారు. ఈసారి ఆమే కత్తెర తీసింది. చటుక్కున కోసేసింది.

"ముడి పడుతుందే!" అన్నాడతను.

"పడనీ. బస్సు తప్పిపోతుంది."

స్వెటర్‌లోంచి సూదులు తీసి, అంచు కుట్లన్నీ ఒక దారం మీదికి ఎక్కించి ముడేసింది. "ఇప్పుడు లాగినా జారవు. చలికి వేసుకో. ఆ చెయ్యి సంగతి నెల తిరిగేలోపు నేనొచ్చి చూస్తా, అక్కడే కూర్చుని అల్లుతా. నాన్న కూడా వస్తాడు, మీ వాళ్ళతో మాట్లాడాలట."

"నువ్వు మొదలుపెట్టినవన్నీ..."

"ఇది మొదలుపెట్టింది కాదు" అంది, అతని మాట మధ్యలోనే తుంచేసి. "ఇది పూర్తి చేస్తున్నది."

ఆ రాత్రి బస్సులో ఒక చెయ్యికి స్వెటర్, ఇంకో చెయ్యికి ఉత్త చొక్కాతో కూర్చున్నవాణ్ణి అందరూ వింతగా చూశారట. చూడనీ. ఆ ఉత్త చెయ్యి చలికి కొయ్యబారిపోయినా అతను కిటికీ మూయలేదు. స్టాండులో చెయ్యి ఊపుతున్న ఆమె, బస్సు మలుపు తిరిగేదాకా కనబడుతూనే ఉంది.