అటక మీది ఉయ్యాల

"అమ్మా! ఒక్క గుక్క గంజి తాగవే! నీ కాళ్ళు మొక్కుతా!" అని చెన్నయ్య బతిమాలుతున్నాడు. తల్లి కాశమ్మ ఎడమచేత్తో గిన్నెను తోసేసింది. గంజి చాపంతా పారింది. పక్షవాతం ఆమె మాటనూ కుడిచేతినీ ఒకేసారి లాక్కుపోయింది. గిద్దలూరు సంతను ఒక్క కేకతో గడగడలాడించిన మనిషి... ఆ నోట ఇప్పుడు ఒట్టి మూలుగు తప్ప రాదు! ఎడమచెయ్యి మాత్రం పదేపదే అటక వైపు లేస్తోంది. నేతికుండ దించారు, ఇత్తడి బిందెలు దించారు, పెళ్ళినాటి పట్టుచీర తెచ్చి ఒళ్ళో పెట్టారు. అన్నిటినీ తోసేసి ఏడుస్తుంది. తిండి ముట్టకపోతే మనిషి దక్కదని కంభం నుంచి జట్కాలో వచ్చిన డాక్టరు ఖండితంగా చెప్పి పోయాడు.

కోడలు లక్ష్మీనరసమ్మ తలుపు వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. అత్త మనసులో మాట బయటికి వచ్చే దారి ఒకటి ఆమెకు తెలుసు. కానీ దానికోసం కత్తెర పట్టాలి... ఆ కత్తెరంటే ఆమెకు ప్రాణభయం!

మిషను బడిలో హన్నా టీచరమ్మ నేర్పిన పని అది. కాగితాన్ని కత్తిరించి, మడిచి, కుట్టిన పుస్తకం. పుట తెరిస్తే గుడిసె లేచి నిలబడేది, దూడ తలెత్తేది, చివరి పుటలో ఉయ్యాల ఊగేది. కాపురానికి వచ్చిన కొత్తలో కడుపులోని బిడ్డకోసం ఎంత మురిసిపోతూ చేసిందో! చూసిన కాశమ్మ నిప్పులు కక్కింది. "కాగితమంటే చదువులతల్లి! కడుపుతో ఉండి తల్లిని కత్తెరతో కోస్తా ఉండావా నువ్వు! ఈ పొద్దే దీన్ని పొయ్యిలో పెడతా!" అని లాక్కుపోయింది. ఆ నెల్లోనే బిడ్డ పురిట్లో పోయాడు. అత్త మళ్ళీ ఒక్క మాట అనలేదు. అనకపోయినా, తన బిడ్డను తన చేతులే పొట్టన పెట్టుకున్నాయని నరసమ్మ ఇన్నేళ్ళూ కుమిలిపోతూనే ఉంది. మళ్ళీ కడుపు పండలేదు.

"ఇంక చూస్తా కూర్చోలేను దేవుడా!" అనుకుంది. మార్కాపురం పలకలకు చుట్టి వచ్చిన మందపాటి కాగితం ముందేసుకుని కత్తెర తీసింది. పుటకొక బొమ్మ... నీళ్ళచెంబు, గంజిగిన్నె, దుప్పటి, ఆవు... అత్త వేలుపెట్టి చూపిస్తే చాలు, ఏం కావాలో తెలిసిపోతుంది!

చెన్నయ్య చూసి అదిరిపడ్డాడు. "మళ్ళా కత్తెర పట్టినావా? బిడ్డను మింగింది చాల్లేదా? అమ్మను గూడా చంపుతావా?"

ఆ మాట గుండెల్లో దిగింది! "రేపు నన్ను పుట్టింటికి తోలినా సరే... ఈ పొద్దు మాత్రం నా చెయ్యి పట్టుకోబాకయ్యా!" అంటూనే మడిచింది. కన్నీళ్ళకు కాగితం కనపడలేదు. చేతులు వాటికి తెలిసిన దారినే పోయి, చివరి పుటలో మళ్ళీ ఉయ్యాలనే నిలబెట్టాయి.

కాశమ్మ ముందు కూర్చుని ఒక్కో పుటా తెరిచింది. చెంబు దాటింది, గంజి దాటింది, ఆవు దాటింది. ఉయ్యాల లేవగానే ముసలామె వేలు దానిమీద పడింది. ఆ వేలే మళ్ళీ అటక వైపు లేచింది.

"ఉయ్యాల! మనోడి కోసం చేయించిన ఉయ్యాల అడుగుతా ఉంది!" నరసమ్మ నిచ్చెన ఎక్కింది. దుమ్ము పట్టిన చెక్క ఉయ్యాలలో పసుపుగుడ్డ మూట ఒకటి ఉంది. విప్పితే... ఆనాటి పుస్తకం! ఒక్క పుట నలగలేదు. అట్టమీద ఏటేటా పెట్టిన కుంకుమబొట్లు!

"కొయ్యడమే పాపమన్న దానివి... కాల్చడానికి నీకు మాత్రం చేతులెట్ల వస్తాయత్తా!" నరసమ్మ భోరుమంది. "ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదు? నా చేతులే బిడ్డను తిన్నాయనుకుంటిని గదా!"

కాశమ్మ తల అడ్డంగా ఊపింది. గట్టిగా, మళ్ళీ మళ్ళీ ఊపింది. కోడలి రెండు చేతులనూ తన ఒంటిచేత్తో పట్టుకుని కళ్ళకద్దుకుంది. గుమ్మంలో చెన్నయ్య మొహం కప్పుకుని కూలబడ్డాడు.

"వద్దత్తా! పెద్దదానివి, అట్ల చేయబాకు!"

కాశమ్మ వినలేదు. కొత్త పుస్తకాన్ని దగ్గరికి లాక్కుని, వంకరపోయిన పెదవులు బిగపట్టి పుటలు వెనక్కి తిప్పింది. గంజిగిన్నె లేచి నిలబడింది. దానిమీద వేలు పెట్టి కోడలి వైపు చూసింది.