రాత్రి రెండూ పదికి మోగే పాక

పెద్దజాలారిపేటలో సముద్రానికి దగ్గరగా, వరుసలో ఆఖరున ఒక వలల పాక ఉంది. రాత్రి పన్నెండు దాటితే దాని పక్కనుంచి ఎవరూ నడవరు. తాగినవాళ్ళు కూడా చుట్టు తిరిగి పోతారట. ఆ మాట విన్నాకే నాకు కొంచెం భయం పట్టుకుంది.

లోపల ఫోన్ మోగుతుంది... తలుపు మూసి ఉంటుంది, దీపం ఉండదు, ఫోన్ మాత్రం మోగుతుంది. మోత ఆగాక ఒక ఆడగొంతు ఏదో గొణుగుతుంది. ఆ తర్వాత మళ్ళీ అలల చప్పుడే.

ఆ పాక దుర్గారావుది. మూడేళ్ళ కిందట తుఫానుకి పడవతో సహా గల్లంతయ్యాడు. శవం దొరకలేదు, చెక్కముక్క కూడా దొరకలేదు. దెయ్యం పుట్టడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఇదంతా నాకు చెప్పింది సాయిశంకర్. పద్మనాభం నుంచి రోజూ బస్సులో వచ్చి మా ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తాడు. దెయ్యాలంటే నవ్వే రకం. పగటిపూట నేనూ అంతే.

మరపడవల సంఘానికి యాప్ రాసింది అతనే. తుఫాను కబురు రాగానే సంఘం గుమాస్తా ఒక బటన్ నొక్కుతాడు. తెర మీద ‘సరే’ అని వచ్చేస్తుంది, అతను టీకి పోవచ్చు. అసలు పని తెర వెనక నడుస్తుంది. యాప్ తనంతట తానే ఒక్కో పడవ నంబరుకీ ఫోన్ చేసి, ‘గాలి వస్తోంది, వెనక్కి రండి, ఒడ్డుకొచ్చాక ఒకటి నొక్కండి’ అని వినిపిస్తుంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, కనిపించే తెరనీ వెనక పనిచేసేదాన్నీ సాయిశంకర్ ఒకే ప్యాకేజీలో కట్టేశాడు. రోజూ రాత్రి రెండూ పదికి ఆ ప్యాకేజీ ఆగి మళ్ళీ మొదలవుతుంది. అది ఆగితే వెనక నడుస్తున్న ఫోన్లూ మధ్యలోనే తెగిపోయేవి. అందుకని పనులన్నీ ఒక జాబితాలో రాసిపెట్టేలా మార్చాడు. మేలుకోగానే యాప్ జాబితా చూసుకుని, ముగియని పనిని మళ్ళీ ఒకసారి చేస్తుంది. ఒకటి నొక్కితేనే పని ముగిసినట్టు.

మరి ఎప్పటికీ రానివాళ్ళ సంగతి? అందుకు ఇంకో బటన్ పెడతానని సాయిశంకర్ అప్పట్లోనే అన్నాడు. సంఘం పెద్ద అర్జునరావు ఒప్పుకోలేదు. చేపల వేటకెళ్ళినోడి గురించి అలాంటి మాట నోటితో అనం, తెర మీద ఎలా రాస్తామన్నాడు. సాయిశంకర్ ఆ బటన్ పెట్టలేదు.

మొన్న మాఘంలో ఆ అర్జునరావే ఆఫీసుకొచ్చి, మాటల్లో పాక సంగతి ఎత్తాడు. జనం హడలిపోతున్నారట, గురువారం పాక పీకించేస్తారట. సాయిశంకర్ నవ్వుతూ, ఎన్నింటికి మోగుతుందేమిటని అడిగాడు.

“రెండూ పదికి బాబూ. గడియారం తిప్పుకోవచ్చు.”

సాయిశంకర్ నవ్వు ఆగిపోయింది. ఆయన వెళ్ళగానే జాబితా తెరిచాడు. ముగియని పని ఒకే ఒక్కటి — దుర్గారావు నంబరు. మూడేళ్ళుగా ప్రతి రాత్రీ ఒక ఫోన్.

ఆ వరస ఒక్కటీ చెరిపేస్తే దెయ్యం వదిలిపోతుంది. చెరిపేసేవాడే... కానీ ప్రతి రాత్రీ అవతల ఎవరో ఫోన్ ఎత్తినట్టు అందులో ఉంది. అర నిమిషం విన్నట్టు ఉంది.

ఎవరు?

ఆ రాత్రి ఒక్కడే వెళ్ళాడు. పాక బయట ఇసుకలో నిలబడ్డాడు. రెండూ పది... మోగింది. తను రాసిన ఫోనే, తను పెట్టిన టైమే. అన్నీ తెలిసినా రెండడుగులు వెనక్కి వేశానని సిగ్గుపడకుండా చెప్పాడు. మోత ఆగింది. లోపల గొంతు నెమ్మదిగా అంది —

“ఇంకా రానేదు బాబూ.”

తలుపు తోశాడు. వలల మీద కాసులమ్మ కూర్చుని ఉంది. దుర్గారావు భార్య. ఆ రోజు అతను చార్జింగ్‌లో పెట్టి మరచిపోయిన ఫోన్ ఆమె చేతిలో ఉంది. నెలనెలా దానికి రీచార్జి చేయిస్తోందట.

సాయిశంకర్ ఉన్నదంతా చెప్పేశాడు. ఇది మనిషి కాదనీ, యంత్రమనీ, ఒకటి నొక్కితే ఆగిపోతుందనీ. ఆమెకి తెలుసు.

“ఒకటి నొక్కితే ఒడ్డుకొచ్చినట్టు కదేటి. రాకుండా నానెలా నొక్కుతాను?” అంది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, “పాక పీకేసినా పరవానేదు. ఆ పిలుపు మాత్రం ఆపకు. ఆడి కోసం ఇంకా అడుగుతన్నది అదొక్కటే” అంది.

అతనికి ఏడుపొచ్చింది. ఆపనని మాటిచ్చాడు.

మర్నాడు అర్జునరావుకి అసలు సంగతి చెప్పాడు. పేటంతా నవ్వుకుని ఊపిరి పీల్చుకుంది, పాక నిలబడింది. కథ అక్కడితో అయిపోతే నేను ఇలా రాసే అవసరం ఉండేది కాదు.

నెల తిరక్కుండా మా మేనేజరు పాత ప్యాకేజీ మూసేసి కొత్తది పెట్టమన్నాడు. పాత జాబితా చెత్తంతా వదిలేయమన్నాడు. సాయిశంకర్ ఎవరికీ చెప్పకుండా ఆ ఒక్క పనినీ తన చేత్తో కొత్తదాంట్లోకి ఎక్కించాడు. నంబరు పదంకెలూ రెండుసార్లు సరిచూశాడు. మొదటి రాత్రి కదా అని ఆఫీసులోనే కూర్చున్నాడు.

రెండూ పదికి కొత్త ప్యాకేజీ మేలుకుంది. ఫోన్ వెళ్ళింది. ఎవరో ఎత్తారు. పద్దెనిమిది సెకన్లు...

జాబితా ఖాళీ అయిపోయింది.

ఒకటి నొక్కారు.

పాపం, ఆమె విసిగిపోయిందనుకున్నాడు, లేకపోతే వేలు తగిలిందేమో. మనసాగక కాసులమ్మ సొంత ఫోన్‌కి చేశాడు. మొదటి రింగుకే ఎత్తింది.

“ఈయేళ మోగనేదేటి బాబూ?” అంది. “ఆడి ఫోన్ నా సేతిలోనే ఉంది. ఆపనన్నావు కదా?”

ఆపలేదన్నాడు. ఫోన్ వెళ్ళిందనీ, ఎవరో ఎత్తారనీ... ఒకటి నొక్కారనీ చెప్పాడు. చెప్పాక, చెప్పకుండా ఉండాల్సిందనుకున్నాడు.

అవతల అలల చప్పుడు వినిపిస్తోంది. తర్వాత ఆమె లేచిన అలికిడి, చీర సర్దుకున్న అలికిడి.

“ఉండు బాబూ,” అంది గుసగుసగా. “తలుపు కొడతన్నారు.”