వారం గడువు

“మీ వైఫై మళ్ల పోయింది సార్! వస్తరా, నన్నే సూర్యాపేటకు రమ్మంటరా?”

ఫోన్‌లో స్వరూప గొంతు వినగానే ఉపేందర్‌కు ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. తప్పు తనదే మరి.

మిర్యాలగూడలోని ఆ రైస్ మిల్లులో మొన్నటిదాకా అందరికీ ఒకటే పాస్‌వర్డ్. లారీలు తూచే కాటా గది గోడ మీద రాసి ఉండేది. లారీ డ్రైవర్లంతా దాంతోనే సినిమాలు చూసేవాళ్ళు. ఓనర్ యాదగిరి విసిగిపోయి, సూర్యాపేటలో నెట్‌వర్క్ పనులు చేసే ఉపేందర్‌ను పిలిపించాడు. అతను పాస్‌వర్డ్ తీసేసి, ఆఫీసులో ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో డిజిటల్ సర్టిఫికెట్ వేశాడు. అది చూపిస్తేనే సర్వర్ లోపలికి రానిస్తుంది. గడువు దాటిందా, ఎంత మొత్తుకున్నా రానివ్వదు.

అందరికీ ఏడాది గడువు పెట్టిన మహానుభావుడు, బిల్లులు కొట్టే స్వరూపకు మాత్రం వారమే పెట్టాడు. వారం వారం మిర్యాలగూడ బస్సెక్కడానికి అతనికి దొరికిన దారి అదొక్కటే.

ఆ రోజు బస్సులో సీటు దొరికినా కూర్చోలేకపోయాడు. వానలో తడిసి ముద్దయి మిల్లుకు చేరేసరికి, బిల్లులు లేక గేటు బయటిదాకా లారీలు ఆగి ఉన్నాయి. లోపల యాదగిరి అరుస్తున్నాడు.

“వారానికోసారి ఇదే లొల్లి! సిస్టమ్ నడుపుడు రాకుంటే చెప్పమ్మా, ఇంకొకర్ని పెట్టుకుంట!”

స్వరూప తల వంచుకుని నిలబడింది. ఉపేందర్ సిగ్గుతో చచ్చిపోయాడు. తన సరదా ఆమె కొలువుకే ఎసరు పెట్టింది.

“ఆమె తప్పేం లేదు సార్. సెట్టింగ్ నేనే తప్పు పెట్టిన.”

యాదగిరి అతన్ని కూడా నాలుగు తిట్టి, “జల్ది కానియ్!” అంటూ లారీల వైపు నడిచాడు.

ఉపేందర్ కీబోర్డు ముందు కూర్చుని స్వరూప వైపు తిరిగాడు.

“మేడం, పొరపాటు కాదు. కావాల్ననే పెట్టిన. మిమ్మల్ని సూడనీకి.”

“తెలుసు.”

“తెల్సా!”

“గడువు తేదీ స్క్రీన్ మీదనే కనబడ్తది. మొదటిసారే సూసిన.”

“మరి సార్‌కు ఎందుకు చెప్పలే?”

“చెప్తే నువ్వు మళ్ల రావు గద.”

ఇన్నాళ్ళ ‘మీరు’ ఏ వానలో కొట్టుకుపోయిందో!

“ఇగ తిట్లు పడుడు నాతోని కాదు. ఏడాది పెట్టు,” అంది స్వరూప.

పెట్టాడు. పెట్టగానే దిగులు ముంచుకొచ్చింది.

“మరి ఇగ నేనెట్ల రావాలె?”

“పాలకీడు ఊర్ల మా ఇల్లు లేదా? ఆదివారం మీ అమ్మను తోల్కొని రా. సోమవారం కోదాడ నుంచి వేరేవాళ్లు నన్ను సూడనీకి వస్తున్నరు.”

“అంటే నాకు…”

“ఆదివారమే గడువు. దాటిందా, ఎంత మొత్తుకున్నా లోపలికి రానియ్య!”

ఉపేందర్ అక్కడికక్కడే తడి జేబులోంచి ఫోన్ తీశాడు.

“అమ్మా, ఆదివారం ఏం పని పెట్టుకోకు!”