పన్నెండో రైఫిల్

ఉదయం 10:42. ఫైరింగ్ రేంజ్‌లో పన్నెండో టార్గెట్ ముందు శవం బోర్లా పడి ఉంది. వీపులో ఒకే ఒక్క బుల్లెట్ గాయం.

చనిపోయినవాడు విదేశీ సైనికుడు. ఆయుధాలతో ప్రమాదం జరగకుండా ఎలా మెలగాలో నేర్చుకోడానికి వచ్చాడు. కాల్చింది అతనితోపాటే వచ్చిన సొంత అన్న. రేంజ్‌లో అందరూ వాళ్లను పెద్దోడు, చిన్నోడు అనేవారు.

మిలిటరీ పోలీస్ ఇన్‌స్పెక్టర్ 11:20కి దిగాడు. సాయంత్రం నాలుగింటికి ఆ అన్నదమ్ముల దేశానికి ఫ్లైట్ ఉంది. ఇది హత్య అని రాస్తే పెద్దోణ్ణి అందులోనే ఎక్కించి అక్కడి వాళ్లకు అప్పగిస్తారు. అక్కడ దీనికి శిక్ష ఒక్కటే. ఉరి.

ఇన్‌స్పెక్టర్ ముందుగా, ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్‌ను పిలిచాడు.

"ఏం జరిగింది ఉస్తాద్?"

"ఫైరింగ్ అయిపోయింది సార్. మ్యాగజైన్లు తీయించి, రైఫిళ్లు నేలమీద పెట్టించా. పన్నెండూ చెక్ చేసి 'క్లియర్' అన్నా. చిన్నోడు టార్గెట్ కాగితాలు మార్చడానికి వెళ్లాడు. ఇంతలో పెద్దోడి చేతికింద పన్నెండో రైఫిల్ ఢామ్!"

"ఎలా చెక్ చేశారు?"

"నేను కళ్లను నమ్మను సార్. మ్యాగజైన్ తీసేసినా లోపల ఛాంబర్‌లో ఒక తూటా ఉండిపోవచ్చు. అందుకే అందులో వేలు పెట్టి తడుముతా. ఇరవై ఏళ్లుగా ఇదిగో, ఈ చిటికెన వేలే."

కుడి చెయ్యి ఎత్తాడు. వేలికి తెల్లటి కట్టు.

"దెబ్బేంటి?"

"పొద్దున్న ఏడింటికి తూటాల పెట్టె మూత పడింది."

"మళ్లీ కట్టు మార్చుకోలేదా?"

"ఊపిరి పీల్చుకోడానికే తీరిక లేదు సార్!"

"మరి తూటా ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నేను అటు తిరగ్గానే పెద్దోడే పెట్టుంటాడు. రాత్రి ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. అందరూ చూశారు."

పెద్దోడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పక్కన దుభాషి. అతని మాటలు ఆవిడే చెబుతోంది.

"గొడవ సబ్బు కోసమట సార్."

"మా అన్నయ్యా నేనూ దువ్వెన కోసం తలలు పగలగొట్టుకున్నాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ట్రిగ్గర్ ఎందుకు నొక్కాడు?"

"వాళ్ల సైన్యంలో అలవాటట. 'క్లియర్' అన్నాక, రైఫిల్ ఎత్తే ముందు ఒకసారి నొక్కుతారట. ఖాళీ క్లిక్ వినపడితేనే భుజానికి తగిలించుకుంటారట."

మధ్యాహ్నం 1:15. ఇన్‌స్పెక్టర్ అందర్నీ ఫైరింగ్ లైన్ దగ్గరికి రప్పించాడు. తన చిటికెన వేలికి కొత్త కట్టు చుట్టుకున్నాడు. పదకొండో రైఫిల్ ఛాంబర్‌లో పెట్టి, తిప్పి, తీశాడు.

కట్టు నల్లగా మసిబారింది.

"పొద్దుటి నుంచి కాల్చిన రైఫిల్. ఒక్కదానికే ఇంత మసి. మీరు పన్నెండు తడిమారు ఉస్తాద్. కట్టు కూడా మార్చలేదు. ఏదీ, ఆ వేలు మళ్లీ చూపించండి."

ఉస్తాద్ చెయ్యి వెనక్కి పోయింది. అప్పటికే అందరూ చూశారు. మల్లెపువ్వులా ఉంది కట్టు.

"నొప్పిగా ఉంది సార్... ఈ ఒక్కరోజే. నడుస్తూ పైపైన చూసి క్లియర్ అనేశా. పన్నెండో దాంట్లో తూటా మిగిలిపోయింది."

"అది మీకు ఢామ్ అనగానే తెలిసింది. అయినా వాణ్ణి ఉరికంబం ఎక్కించబోయారు."

ఇద్దరు పోలీసులు ఉస్తాద్‌ను జీపెక్కించారు.

2:30కి ఇన్‌స్పెక్టర్ రిపోర్ట్ మీద సంతకం చేశాడు. "పెద్దోడికి చెప్పండమ్మా. కేసు లేదు. ఫ్లైట్ ఎక్కక్కర్లేదు."

దుభాషి చెప్పింది. పెద్దోడు తల అడ్డంగా ఊపాడు. చాలాసేపు ఏదో చెప్పాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"ఏమంటున్నాడు?"

"శవం ఆ ఫ్లైట్‌లోనే వెళ్తోంది కదా, నన్నూ ఎక్కించండి అంటున్నాడు సార్. చిన్నోడికి విమానమంటే భయమట. వచ్చేటప్పుడు దారంతా అన్న చెయ్యి వదల్లేదట."