మిరపకాయల గంపలో తేనెటీగ

"నా తేనెలో మిరపకాయలు కలిపినావా?" అన్నాడు ప్రదీప్, ఎర్రటి సీసాను వెలుతురుకెత్తి చూస్తూ.

"నీ తేనె అని దానిమీద యాడ రాసుండాదప్పా? మా ఇంటికొచ్చినాక మా తేనె" అంది తనూజ.

గడప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న తనూజ తల్లి రామలక్ష్మమ్మ దిగులుగా తలెత్తి సీసా వైపు చూసింది. ప్రదీప్‌ది కమలాపురం. పొద్దుతిరుగుడు పూతకొచ్చినప్పుడల్లా తేనెటీగల పెట్టెలు తెచ్చి వీళ్ళ కోయిలకుంట్ల చేలల్లో పెట్టుకుంటాడు. తేనె ఇవ్వడానికి ఎప్పుడొచ్చినా కూతురితో గొడవే. అంత గొడవ పడేవాడు మళ్ళీ మళ్ళీ ఎందుకొస్తాడో ఆమెకు అంతుబట్టేది కాదు.

ఇప్పుడామె దిగులు వేరు. తేనెను వేడి చేస్తే విషమవుతుందని వాళ్ళమ్మ చెప్పింది. వాళ్ళమ్మకు వాళ్ళవ్వ చెప్పింది.

"పొయ్యి మీద పెట్టలేదుమా" అని తనూజ పొద్దున్నుంచీ చెబుతూనే ఉంది. "వేన్నీళ్ల గిన్నెలో సీసా నిలబెట్టి, ఎండుమిరపకాయలు దంచి వేసినా. నానినాక వడగట్టినా. వేలు పెడితే గోరువెచ్చగుండేది, అంతే."

"మా ఈగలు ఎన్ని పూలు తిరిగినాయో తెలుసా నీకు? దాంట్లో కారమా!" అన్నాడు ప్రదీప్.

"కమలాపురమోళ్ళకు కారమంటే భయమని చెప్పు, సరిపాయె."

అంతే. ప్రదీప్ గంటె అందుకున్నాడు.

"వద్దు నాయనా!" అని రామలక్ష్మమ్మ లేచేలోపే గంటెడు తేనె నోట్లోకి పోయింది.

ముందు వాడి ముఖం వెలిగింది. ఆ తరవాత చెవులు ఎర్రబడ్డాయి. ఆ తరవాత కళ్ళల్లో నీళ్ళు. తనూజ గోడ పట్టుకుని నవ్వుతూంటే, వాడు చేతుల్లో ఉన్నవన్నీ మూలకు పడేసి, చెంబుడు నీళ్ళు గటగటా తాగి, ఏదో చెప్పబోయి, మాట రాక, చెయ్యూపి బండెక్కి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నమైంది. రామలక్ష్మమ్మకు ముద్ద దిగలేదు.

"ఆ పిల్లోనికి ఫోన్ చెయ్యిమే."

తనూజ చేసింది. రింగవుతోంది, ఎత్తడం లేదు.

"చూసినావా! యాడో కల్వర్టు కాడ పడిపోయినాడు."

"కారం తిని ఎవురన్నా పడిపోతారామా?"

"కారానికి కాదే, కాచిన తేనెకు!"

అప్పుడే మూల నుంచి గుయ్యిమని చప్పుడు. రామలక్ష్మమ్మ అదిరిపడింది. "పాపా, ఆ పక్కకు పోవాకు. మిరపకాయల గంపలో తేనెటీగ దూరినట్టుండాది." చప్పుడు ఆగగానే భయం భయంగా గోనెపట్టా తెచ్చి గంప మీద కప్పేసింది. కాసేపటికి మళ్ళీ ఫోన్ చేయించింది. ఈగ మళ్ళీ మోగింది. 'ఇంకా చావలేదే ఇది' అనుకుంది.

సాయంత్రానికి మబ్బు పట్టింది. తనూజ నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో తల్లి గమనించలేదు. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో కూర్చుంది, దారి వైపు చూస్తూ.

"నేనే రెచ్చగొట్టినా మా. వాడింక ఈడికి రాకపోతే..." అంది.

రామలక్ష్మమ్మ కూతురి ముఖంలోకి చూసింది. లోకంలో ఉన్న వాటన్నిటికీ భయపడిన మనిషి, కళ్ళముందున్న ఈ సంగతి మాత్రం ఇన్నాళ్ళూ చూడనేలేదు. స్వామీ, ఆ పిల్లోణ్ణి తిరిగి పంపు అని లోపలే మొక్కుకుంది.

వాన వచ్చింది. వానతోపాటే బండి చప్పుడూ వచ్చింది.

"బతికుండావా నాయనా!"

"నాకేమైంది ఆంటీ?" తడిసి ముద్దయిన ప్రదీప్ అయోమయంగా నిలబడ్డాడు. "ఫోన్ యాడ పారేసుకున్నానో ఏమో, పొద్దున్నుంచీ చేలన్నీ ఎతుకుతాండా."

తనూజ నంబరు నొక్కింది. గంప గుయ్యిమంది.

"అది తేనెటీగప్పా! కుడుతుంది!" అని అరిచింది రామలక్ష్మమ్మ.

ప్రదీప్ పట్టా తీసి, రెండుసార్లు తుమ్మి, మిరపకాయల్లోంచి ఫోన్ బయటికి లాగాడు. అందులో మిస్డ్ కాల్స్ చూసి కనుబొమ్మలెత్తాడు. "ఇన్నిసార్లు చేసింది మీరేనా ఆంటీ?"

"నేను చేయించింది రెండుసార్లే నాయనా."

ఇద్దరూ తనూజ వైపు తిరిగారు. తనూజ వానను మహా శ్రద్ధగా చూస్తోంది.

"నా ఫోన్‌కు తిక్క. దానంతటదే పోతాది" అంది.

"నా నోటికి మాత్రం పొద్దున మంటెక్కి మాట రాలేదు. లేకపోతే అప్పుడే చెప్పుండేవాణ్ణి."

"ఏం చెప్పుండేవానివి?"

ప్రదీప్ ఆమె తల్లి వైపు తిరిగాడు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి, ఈసారి కారం తినకుండానే.

"రేపు మా అమ్మను పిల్చుకొస్తా, అత్తా."

ఇన్నాళ్ళూ ఆంటీ అన్న నోరది. రామలక్ష్మమ్మ అలాగే గడప మీద కూలబడింది. పొద్దున్నుంచీ గుండెల మీదున్న బండ దిగిపోయి, కళ్ళల్లోంచి నీళ్ళు జారాయి.

"పిల్చుకురా నాయనా. వానలో మాత్రం రావద్దు. బండి జారుతుంది."

కొంగుతో కళ్ళు తుడుచుకుని సీసా దగ్గరికి లాక్కుంది. వేలు ముంచి నాలికకు రాసుకుంది. ముందు తీపి, వెనకే చెవులదాకా మంట.

"మా! విషమంటివి కదా?" తనూజ కళ్ళు పెద్దవి చేసింది.

"విషమైతే ఈ పిల్లోడు తిరిగొస్తాడా?" అంటూ రామలక్ష్మమ్మ మళ్ళీ వేలు ముంచింది. "చూస్తా నిలబడకండి. జొన్నరొట్టెలు తే పాపా, వాడు పొద్దున్నుంచి ఏమీ తినుండడు."