మంత్రిగారి తలలో సాక్ష్యం

"కదలకండి సార్. కాలువ గేట్ల సంగతి ఒక్కటే తలుచుకోండి," అంది డాక్టర్ ఇందుమతి.

నీటిపారుదల మంత్రి భూషణం తల మీద హెల్మెట్ లాంటి యంత్రం బిగించి ఉంది. దాని పేరు మెమోస్కోప్. మనిషి చూసినదీ విన్నదీ మెదడులో ఎక్కడో ముద్రపడి ఉంటుంది. ఆ ముద్రను ఇది సినిమాలా తెర మీదికి తెస్తుంది. కల్పించుకున్నది మాత్రం రాదు.

గేట్ల కాంట్రాక్టు కోసం భూషణం విల్లా పుచ్చుకున్నాడని నెలల తరబడి గోల. తోటి పిల్లల మాటలు పడలేక కూతురు కాలేజీ మానేసింది. అందుకే ఆయనే పట్టుబట్టి టీవీ కెమెరాల ముందు ఈ పరీక్షకు కూర్చున్నాడు.

తెర వెలిగింది. కాంట్రాక్టర్ జగ్గారావు విల్లా తాళాలు బల్ల మీద పెడుతున్నాడు. "అవి తీసుకుని బయటికి నడు!" అని భూషణం గొంతు ఉరిమింది. జగ్గారావు నొచ్చుకున్నాడు. "మిగతావాళ్లెవరూ నన్నింత ఇబ్బంది పెట్టలేదు సార్."

హాలంతా చప్పట్లు. భూషణం కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు ఆయన క్యాబినెట్ సమావేశంలో అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయాయి. హోం మంత్రి కుర్చీ దూరంగా జరుపుకున్నాడు. ఆరోపణ చేసిన ప్రతిపక్ష నాయకుడు కూడా, ఎందుకైనా మంచిదని, ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు. సాయంత్రానికి పార్టీ అధ్యక్షుడు కోదండపాణి ఇంటికి రమ్మన్నాడు.

"నీ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు భూషణం. చిక్కల్లా అదే. ఇన్నేళ్లూ మా అందరి మధ్యా కూర్చున్నావు. రేపు కోర్టువాళ్లు ఆ హెల్మెట్ మళ్లీ పెడితే మా గతేంటి?"

"నన్నేం చెయ్యమంటారన్నా?"

"యంత్రం చూపింది అబద్ధం, విల్లా తీసుకున్నానని ఒప్పుకుని రాజీనామా చెయ్యి. ఇక దాన్నెవడూ నమ్మడు. గొడవ సద్దుమణిగాక మళ్లీ మంత్రివి నువ్వే."

భూషణానికి ఒళ్లు మండింది. ఆ పొద్దునే కూతురు తలెత్తుకుని కాలేజీకి వెళ్లింది.

"నావల్ల కాదన్నా," అని లేచాడు.

గుమ్మం దాటబోతుంటే వెనక నుంచి పిలుపు. కోదండపాణి గొంతు మారిపోయింది. "ఒరే భూషణం... ఇప్పుడు నేనన్నది కూడా నీ తలలో పడిందంటావా?"

భూషణానికి అప్పటిదాకా ఆ సంగతే తట్టలేదు.

"పడే ఉంటుందన్నా," అన్నాడు అమాయకంగా.

ఆ వారంలోనే ఆర్థిక శాఖ కూడా ఆయనకే ఇచ్చారు. భూషణం నోరు తెరిచి అడగలేదు, ఎవర్నీ బెదిరించలేదు. అయినా బాణసంచా మోతల మధ్య మెడలో గజమాల పడుతుంటే, జీవితంలో మొదటిసారి లంచం పుచ్చుకున్నట్టు అనిపించింది.