మాచర్ల యార్డులో మోగని ఫోన్

హజ్రా బీ చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చింది గానీ కుర్చీలో కూర్చోలేదు. నరసరావుపేటలో డిటెక్టివ్ దుర్గ ఆఫీసుకొచ్చే వాళ్ళలో సగంమంది అంతే. కూర్చుంటే ఫీజు పెరుగుతుందన్నట్టు నిలబడే మాట్లాడతారు.

"మా ఆయన మక్బూల్ని ఈ సాయంత్రంతో పని మానుకోమన్నాడమ్మా శెట్టిగారు. మా ఆయనే ఆర్డర్లన్నీ పక్క యార్డు రాజారత్నానికి అమ్ముకుంటన్నాడంట. దొంగ పేరు పడ్డాక మాచర్లలో ఇంకెవరు పనిస్తారు?"

"ఏం పని చేస్తాడు?"

"బండల యార్డులో, రోడ్డు పక్క ఆఫీసు గదిలో కూర్చుని ఫోనెత్తుతాడు. చానా ఏళ్ళ నుంచి అదే పని. ఇప్పుడు పాత బేరగాళ్ళ ఫోన్లే వస్తన్నయ్, కొత్తోళ్ళయి రావట్లా."

"బాలశౌరీ, బండి తియ్యి," అంది దుర్గ.

అసిస్టెంటు బాలశౌరికి ఏమీ అర్థం కాలేదు. కానీ ఆమె ఆ గొంతుతో మాట్లాడిందంటే కేసు సగం తేలినట్టేనని అతని నమ్మకం. హజ్రా బీని కూడా ఎక్కించుకుని బయల్దేరారు.

హజ్రా బీ చెప్పిన శెట్టిగారు, యార్డు యజమాని లక్ష్మీనారాయణ, మాట కటువు మనిషి. కొత్తవాళ్ళకి నంబరెలా తెలుస్తుందని దుర్గ అడిగింది. "కొత్తోళ్ళకి మా వెబ్ పేజీ ఉందమ్మా. మా బామ్మర్ది వెంకటసాయి రాశాడు, సత్తెనపల్లిలో కోర్సు చేసొచ్చి. ఇప్పుడు పాలిష్ షెడ్డు చూసుకుంటన్నాడు. పేజీలో నంబరు కరెక్టుగానే ఉంది, నేనే చూశా."

"నొక్కి చూశారా?"

"నా నంబరు నేను నొక్కేదేంది? నోటికొచ్చు."

"చేజారిన ఆర్డరు ఒకటి చెప్పండి."

"క్రోసూరు మేస్త్రి కోటేశ్వర్. రాజారత్నం దగ్గర లోడెత్తుతుంటే కళ్ళారా చూశా."

దుర్గ కోటేశ్వర్‌కి ఫోన్ చేసింది. "పేజీలో నంబరు నొక్కే చేశానమ్మా. సరుకు లేదు, రాజారత్నం దగ్గరికి పొమ్మన్నారు. మిషన్ మోతలో ఆ మాట కూడా సరిగ్గా వినపళ్ళా."

తర్వాత ఆమె పక్క యార్డు చుట్టి వచ్చింది. అక్కడ పాలిష్ పెట్టని బండల దొంతరలు తప్ప మిషన్ అన్నదే లేదు. దుర్గే బాలశౌరి లాప్‌టాప్‌లో ఆ వెబ్ పేజీ తెరిచి కాసేపు చూసి, అందర్నీ ఆఫీసు గదిలోకి పిలిచింది. షెడ్డులో మిషన్ ఆపించింది. వెంకటసాయి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. మక్బూల్ తన బల్ల దగ్గరే తల వంచుకుని నిలబడ్డాడు.

"పేజీలో మనకు కనబడేది ఒకటి, దాని వెనక రాసుకునేది ఒకటి," అంది దుర్గ, లాప్‌టాప్ అందరి వైపు తిప్పి. "వెనక రాసేవాటిని ట్యాగులంటారు. ఇదిగో, లింకు కోసం ఇక్కడ ఒక ట్యాగు తెరిచారు, ఇక్కడ మూశారు. రెంటికీ మధ్య ఉన్న నంబరే మీకు కనబడుతుంది. నొక్కితే ఎక్కడికి పోవాలో మాత్రం తెరిచిన ట్యాగు లోపలుంది. ఇది చదవండి శెట్టిగారూ."

లక్ష్మీనారాయణ చదివాడు. "ఇది మా నంబరు కాదే."

"కాదు. పాతోళ్ళు మీ నంబరు గుర్తుపెట్టుకుని కొడతారు, ఇక్కడికే వస్తుంది. కొత్తోళ్ళు నొక్కుతారు, ఇంకో చోటికి పోతుంది. ఆ ఎత్తినాయన మిషన్ పక్కన ఉంటాడు. రాజారత్నానికి మిషన్ లేదు. మాట వినపడనంత మోత మక్బూల్ గదిలోకి రాదు."

ఆమె తన సెల్లులో పేజీ తెరిచి నంబరు నొక్కింది. బల్ల మీద ఫోన్ ఉలకలేదు. షెడ్డులోంచి, మిషన్ మోతను మించేలా సౌండు పెట్టిన ఒక సెల్లు గొంతు చించుకుంది.

వెంకటసాయి గోడకు ఆనుకున్నాడు. "సొంత యార్డు పెట్టుకుందామని బావా. ఆర్డర్లు పంపితే రాజారత్నం సాయం చేస్తానన్నాడు."

"ముందు ఆ ట్యాగు సరిచెయ్యి," అంది దుర్గ. అతను సరిచేశాడు.

"రేపు మామూలుగా రా మక్బూలూ," అన్నాడు లక్ష్మీనారాయణ, ఎటో చూస్తూ.

"వస్తా శెట్టిగారూ, పని కావాలిగా. కానీ నంబరొకసారి నొక్కి చూసే తీరిక మీకు లేకపోయింది, నన్ను దొంగ అనే తీరిక మాత్రం దొరికింది. నాకు చానా కష్టమనిపించింది."

లక్ష్మీనారాయణ సెల్లు తీసి, తడుముకుంటూ తన పేజీ తెరిచి, మొదటిసారి తన నంబరు తనే నొక్కాడు. బల్ల మీద ఫోన్ మోగింది. మక్బూల్ అలవాటు కొద్దీ ఎత్తాడు.

"చెప్పండి, ఎవరు?"

"నేనేనయ్యా," అన్నాడు శెట్టిగారు, రెండడుగుల దూరంలో నిలబడి, సెల్లులోకే. "తప్పయింది."

హజ్రా బీ కుర్చీ లాక్కుని కూర్చుంది.